ఇంట్లోనే ఒక అడ్మిషన్

ఎండాకాలం అందరికీ ఒకేలా రాదు. మామూలు ఇళ్ళకు మామిడికాయలు, ఊరగాయలు, మేనత్తల ఊళ్ళు. లెక్చరర్ల ఇళ్ళకు క్యాన్వాసింగ్. ఏడాదంతా బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పిన మనుషులు మే నెల రాగానే రంగు కరపత్రాలు సంచిలో వేసుకుని, నెత్తిన తడిగుడ్డ కప్పుకుని, ఊరూరా తిరిగి "మీ ఇంట్లో ఇంటర్ పాసైన పిల్లలున్నారా అండి" అని గుమ్మం గుమ్మంలోనూ అడగాలి. పిల్లల్ని తెచ్చినవాళ్ళకు ఉద్యోగం ఉంటుంది. తేలేనివాళ్ళకు జూన్‌లో దండం పెడతారు. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారోగానీ వాడి ఇల్లు బంగారం గానూ.

మా తెనాలి ఇంట్లో ఈ పీడ ఇద్దరికీ ఉంది. నాన్న మధుసూదన్ బాపట్ల దాటాక ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాడు. అమ్మ వీణ రేపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేది. పొద్దున్నే ఇద్దరూ ఒకే స్కూటర్ మీద స్టేషన్‌కు వెళ్ళి, ఒకరు ఆ రైలు, ఒకరు ఈ రైలు ఎక్కేవారు. ఆ కాలేజీల పేర్లు నేను చెప్పను. చెబితే ఇంకో గొడవ.

మొన్నటి ఎండాకాలం నా ఇంటర్ అయిపోయింది. ఎంసెట్‌లో ర్యాంకు కూడా వచ్చింది. ఎగిరి గంతేసేంత కాదు, ఏడ్చేంత కాదు. ఆ మర్నాడు నేను హాల్లో కూర్చుని ముంజలు వొలుస్తుంటే నాన్న వరండాలో ఫోన్ మాట్లాడుతున్నాడు.

"నాకు ఇప్పటికి నాలుగయ్యాయండి. వేమూరులో ఇంకో రెండు ఊగుతున్నాయి, ఈ వారంలో తేలిపోతాయి. ఒకటి ఇంట్లోనే ఉందండి. అది ఖాయం, రాసేసుకోండి."

ఇంట్లో ఉన్నదేంటా అని చుట్టూ చూశాను. ఫ్రిజ్ ఉంది, కూలర్ ఉంది, మూలన అమ్మ కుట్టు మిషన్ ఉంది. చేతిలో ముంజ జారిపోయాక అర్థమైంది, ఆ ఒకటి నేనే.

మా ఇంట్లో పిల్లల్ని పిల్లలనరు. అడ్మిషన్లంటారు. "రెండు అడ్మిషన్లు జారిపోయాయి," "ఆ వీధిలో ఒక మంచి అడ్మిషన్ ఉంది," "దాన్ని పక్క కాలేజీవాళ్ళు ఎత్తుకుపోయారు." పుట్టినప్పటి నుంచీ వింటున్నదాన్నే, ఎప్పుడూ తప్పనిపించలేదు. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పదిహేడేళ్ళు అన్నం పెట్టి పెంచిన పిల్లని "దాన్ని రాసేసుకోండి" అంటాడా?

ఫోన్ పెట్టేశాక అడిగాను. "నాన్నా, నేను ఇంజనీరింగ్ చదవనని చెప్పానుగా."

"ఎప్పుడు చెప్పావు?"

"పరీక్షల ముందు ఒకసారి. ర్యాంకు వచ్చిన రోజు ఇంకోసారి."

"ర్యాంకు రాకముందు అందరూ అలాగే అంటారు. వచ్చాక కూడా ఉత్త డిగ్రీ ఏంటే?"

ఈ ఉత్త డిగ్రీ సంగతి చెప్పాలి. మా వైపు డిగ్రీ అంటే బీఏ, బీకాం, బీఎస్సీ. ఇంజనీరింగ్ చదివితే ఇచ్చేది కూడా డిగ్రీయేనని ఎవరికీ గుర్తుండదు. దాన్ని ఇంజనీరింగ్ అనే అంటారు, గొంతు కాస్త పెంచి. "మీవాడేం చేస్తున్నాడు" అంటే "డిగ్రీ అండి" అని తలకాయ దించుకుంటారు. ఆ డిగ్రీకి ముందు ఒక 'ఉత్త' కూడా తగిలిస్తారు. ఉత్త చేతులు, ఉత్త మాటలు, ఉత్త డిగ్రీ. ఈ మాట మా నాన్న ఎవరి ముందు అన్నాడు? ఇరవై ఏళ్ళుగా ఆ డిగ్రీ పాఠాలే చెప్పి సగం సంసారం ఈడ్చుకొచ్చిన పెళ్ళాం ముందు. ఆవిడ అక్కడే కూర్చుని కందిపప్పులో రాళ్ళేరుతోంది.

అమ్మ చేట పక్కన పెట్టింది. "దాన్నెందుకండీ బలవంతం చేస్తారు? కామర్స్ చదువుతానంటే చదవనివ్వండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. వెళ్ళి అమ్మ పక్కన కూర్చుందామని లేచాను కూడా.

"మా కాలేజీలో చేరుతుంది," అంది అమ్మ. "ప్రకాశం గారికి నేను మాటిచ్చేశాను."

ప్రకాశం గారంటే అమ్మ కాలేజీ కరస్పాండెంట్. ఆయన కాలేజీ ఒక బట్టల కొట్టు మేడ మీద ఉంటుంది. కామర్స్ రెండో ఏడాది హాజరు పట్టీ నిండా పేర్లే, బెంచీల మీద మనుషులే ఉండరు. చేరతారు, మళ్ళీ పరీక్షలకి కనిపిస్తారు. ఇవేవీ నేను కనిపెట్టినవి కావు. రోజూ సాయంత్రం చెప్పులు విప్పుతూ అమ్మ చెప్పేవే. "ఇవాళ కూడా గోడలకే చెప్పొచ్చానే" అనేది. ఇప్పుడు ఆ గోడల పక్కన నన్ను నిలబెట్టాలనుకుంది.

"అక్కడ క్లాసులే జరగవని నువ్వే అంటావుగా."

"నువ్వు చేరితే జరుగుతాయి. నేను చెప్పనా?"

"నాకొక్కదానికా?"

"క్లాసులో కుదరకపోతే ఇంట్లో చెప్తాను."

"ఇంట్లో చెప్పేదానికి రేపల్లె దాకా ఎందుకమ్మా?"

అమ్మ మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది. రాళ్ళు అప్పటికే అయిపోయినా ఏరుతూనే ఉంది.

నాకు కామర్స్ మీద మోజు అమ్మ ఉద్యోగం చూసి పుట్టలేదు. మా వీధి మొగలో ఒక టిఫిన్ హోటలుండేది. పొద్దున్నే నిలబడడానికి చోటుండేది కాదు. అలా కిటకిటలాడుతుండగానే ఒక రోజు మూసేశారు. జనం లేక మూతపడ్డ కొట్లు చూశాంగానీ జనం ఎక్కువై మూతపడ్డది ఏంటని అమ్మని అడిగాను. అమ్మ ఒక పూటంతా కూర్చోబెట్టి చెప్పింది. ఒక్కో అట్టు అయిన ఖర్చు కంటే తక్కువకి అమ్మి హోటలాయన ఎలా పోగొట్టుకుంటూ వచ్చాడో, ఎక్కువ అమ్మేకొద్దీ ఎక్కువ ఎలా పోయిందో. అప్పుడు నా కళ్ళకు బజారంతా కొత్తగా కనపడింది. ఏ కొట్టు చూసినా ఇది నిలబడుతుందా, పడిపోతుందా అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఫిజిక్స్ నాకు వచ్చు, కానీ పుస్తకం మూశాక ఎప్పుడూ నా వెంట అన్నం దగ్గరికి రాలేదు. ఇది వచ్చింది.

పైగా బాపట్లలో ఒక పాత కాలేజీ ఉంది. మా సీనియర్ ఫ్లోరెన్స్ అక్కడ బీకాం చదువుతోంది. "రోజూ క్లాసులే బాబూ, తప్పించుకుందామన్నా వదలరు" అని విసుక్కుంటూ చెప్పింది. ఆ విసుగు విన్నాక నాకు అక్కడే చేరాలనిపించింది. ఇదంతా ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ ఫోన్లు చూసుకుంటూ తలలూపారు.

ఆ తర్వాత రోజులు అడకత్తెరలో పోకచెక్క బతుకు. నాన్న కాఫీ గ్లాసు చేతికిస్తూ ఏ సీనియరుకు ఏ కంపెనీలో ఉద్యోగం వచ్చిందో చెప్పేవాడు. అమ్మ అన్నం వడ్డిస్తూ "ఆడపిల్లవి, బాపట్ల రైల్లో ఆ రద్దీలో ఏం వెళ్తావు, రేపల్లె అయితే నాతో వస్తావు" అనేది. బయట గుమ్మాల్లో చెప్పి చెప్పి నోళ్ళు అలా తయారయ్యాయి. ఇంట్లో పిల్లతో మాట్లాడుతున్నామని ఇద్దరికీ తట్టలేదు.

జూన్ మొదట్లో ఒక రోజు అమ్మ "నాతో రేపల్లె రావే" అంది.

"ఎందుకు?"

"నిన్ను పక్కన చూస్తే నమ్ముతారే. ఒక్కదాన్ని ఎంతసేపని వాగను? నువ్వేం మాట్లాడొద్దు, ఊరికే కూర్చో చాలు."

వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ అంతకుముందు రోజు ఆవిడ అరికాళ్ళు చూశాను. చెప్పు తెగితే తారు రోడ్డు మీద ఉత్తి కాళ్ళతో నడిచొచ్చింది, బొబ్బలెక్కాయి. నోరు మెదపనని ఒప్పుకుని వెళ్ళాను.

రేపల్లెలో మూడిళ్ళు తిరిగాక నాలుగోది గులాం మొహిద్దీన్ గారి ఇల్లు. ముందు కుట్టు మిషన్లు బాగుచేసే కొట్టు, వెనక ఇల్లు. వాళ్ళమ్మాయి సిమ్రాన్ కూడా ఆ ఏడాదే ఇంటర్ పాసైంది, మంచి మార్కులు. లోపలి గది గుమ్మానికి ఆనుకుని నిలబడింది. వాళ్ళమ్మ జాన్‌బీ మా ఇద్దరికీ సబ్జా గింజలు వేసిన షర్బత్ తెచ్చిచ్చి ఎదురుగా కూర్చుంది. మొహిద్దీన్ గారు కొట్లోంచి వచ్చి, చేతులకున్న నూనె గుడ్డతో తుడుచుకుంటూ స్టూల్ మీద కూర్చున్నాడు.

అమ్మ మొదలుపెట్టింది. ఊళ్ళోనే కాలేజీ, ఆడపిల్ల దూరం పోనక్కర్లేదు, అనుభవం ఉన్న లెక్చరర్లు, బ్యాంకు పరీక్షలకు ఇదే దారి. అన్నీ చెప్పింది. క్లాసులు జరగవని చెప్పలేదు. నేను షర్బత్‌లో గింజలు చూస్తూ కూర్చున్నాను.

జాన్‌బీ అంతా విని, ఏ తల్లయినా అడిగే మాటే అడిగింది. "అంతా బాగానే ఉందిగానమ్మా, మరి మీ పిల్లని ఎక్కడ చేరుస్తున్నారు?"

క్యాన్వాసింగ్‌కు వెళ్ళే ప్రతివాళ్ళూ ఈ ప్రశ్నకు జవాబు ఇంటి దగ్గరే తయారుచేసుకుని బయల్దేరతారు. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇదుగోండి, మా అమ్మాయే. స్నేహ. మా కాలేజీలోనే బీకాం చేరుతోంది. మా పిల్లకి మంచిది కానిది మీ పిల్లకి చెప్తానా అండి?"

జాన్‌బీ నా మొహం వంక అదేపనిగా చూసింది. తర్వాత మొగుడి వంక చూసింది. ఆయన కూడా నన్నే చూస్తున్నాడు.

"మొన్న బాపట్ల వైపు కాలేజీ నుంచి ఒక సారొచ్చారమ్మా," అన్నాడు మొహిద్దీన్ గారు మెల్లగా. "తెనాలాయనే. ఆయన కూతురి పేరు కూడా స్నేహేనంట. మంచి ర్యాంకొచ్చినా ఇంకెక్కడికీ పంపకుండా తన కాలేజీలోనే ఇంజనీరింగులో చేర్చానని చెప్పారు. ఫోన్లో ఫోటో చూపించారు."

ఆయన నిజంగానే తెలుసుకుందామని అడిగాడు, ఎగతాళి లేదు. "కవల పిల్లలా అమ్మా?"

అమ్మ చెయ్యి నా భుజం మీదే ఉంది. అది బరువెక్కింది. ఏదో ఒకటి చెప్పమన్నట్టు కాదు, ఏదీ చెప్పొద్దన్నట్టు. నోరు మెదపనని ఒప్పుకున్నమాట నిజమే. కానీ ఆ గుమ్మంలో నిలబడ్డ పిల్ల నా మొహం చూసి నాలుగేళ్ళ చదువు నిర్ణయించుకోబోతోంది. నా ఫోటో చూసి అటు, నన్ను చూసి ఇటు.

"నేనొక్కదాన్నే అండి," అన్నాను. "రెండు చోట్లా చేరట్లేదు."

అప్పటిదాకా మాట్లాడని సిమ్రాన్ అడిగింది. "మరి నువ్వెక్కడ చేరుతున్నావు?"

ఇన్ని రోజుల నుంచి మా ఇంట్లో నా చదువు తప్ప ఇంకో మాట లేదు. అయినా ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. బాపట్ల పాత కాలేజీ గురించి, ఫ్లోరెన్స్ విసుగు గురించి చెప్పాను. టిఫిన్ హోటల్ సంగతి చెబితే మొహిద్దీన్ గారు కూడా కాస్త ముందుకు జరిగి విన్నాడు.

అమ్మ లేచింది. "వస్తామండి."

"ఎండన పడి ఏం పోతారమ్మా, ఆ షర్బత్తన్నా తాగండి," అంది జాన్‌బీ. అమ్మ నిలబడే గ్లాసు ఖాళీ చేసి, కింద పెట్టి, దండం పెట్టి బయటికి వచ్చింది.

స్టేషన్లో రైలు కదలడానికి ఇంకా టైముంది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని అంది, "చేతికొచ్చిన అడ్మిషన్ పోగొట్టావు."

"ఒకటి కాదమ్మా, రెండు. నన్ను కూడా తీసెయ్యి."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు జాలి వేయకపోలేదు, కానీ కోపమే ఎక్కువ వేసింది. దేనికెంత ఖర్చవుతుందో తేల్చే కాస్టింగ్ లెక్కలు ఈవిడ చెబితే రాయికైనా అర్థమవుతాయి. అలాంటి మనిషిని ఎండలో గుమ్మాల వెంట తిప్పి, కన్నకూతుర్ని సంతలో చూపించినట్టు చూపించేలా చేసినవాళ్ళు ఏసీ గదుల్లో కూర్చుని "ఇంకా ఎన్ని?" అని ఫోన్లు చేస్తారు. వాళ్ళని అడిగేవాళ్ళు లేరు. మమ్మల్ని మేమే పీక్కుతినాలి.

ఇంటికి వచ్చేసరికి నాన్న చిందులు తొక్కుతున్నాడు. మొహిద్దీన్ గారు మర్యాదగానే ఫోన్ చేసి "మీ అమ్మాయి వేరే చెప్పిందండి" అన్నాడట.

"రేపల్లెలో నా పరువు తీసొచ్చిందిగా నీ కూతురు."

"పిల్ల ఫోటో ఊరంతా చూపించుకుంటూ తిరిగింది మీరు," అంది అమ్మ. "అది చేరనిచోట చేర్చేశానని చెప్పింది మీరు."

"నువ్వు ఫోటో కాదు, పిల్లనే తీసుకుపోయావుగా."

గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. మా ఇంట్లో రెండు గింజలున్నాయి, రెండోదాని నలుపు మాత్రం రెంటికీ బాగా కనపడుతుంది. నేను మధ్యలో కూర్చుని అన్నం తిన్నాను. ఆకలి కూడా వేసింది మరి.

అరిచి అరిచి నాన్న అలిసిపోయాడు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు పూర్తిగా మారిపోయింది. "పోనీ ఒక్క ఏడాది చేరవే. నా పేరు మీద ఒకటి పడుతుంది. ఈ ఏడాదికి గండం గడుస్తుంది. వచ్చే ఏడాది మానేసి నీకు కావలసిందే చదువుకుందువుగాని."

పక్కింటివాళ్ళు పంచదార చేబదులు అడిగినట్టు అడిగాడు, నా ఏడాదిని. బతిమాలుతున్న తండ్రి మీద అరవడం నాకు చేతకాలేదు.

అమ్మ అప్పటిదాకా కంచాలు తీస్తోంది. అవి అక్కడే బల్ల మీద పెట్టేసి ఫోన్ తీసుకుంది. ప్రకాశం గారికి కలిపింది.

"నమస్కారం సార్, వీణనండి. ఆ, రేపల్లెలో తిరిగొచ్చామండి. లేదండి, కుదరలేదండి. మా అమ్మాయా అండి? మా అమ్మాయి మన కాలేజీలో చేరదండి. లేదండి, కోపమేం కాదండి. మన దగ్గర క్లాసులు జరగవు కదండి, అందుకని అండి."

అటువైపు ఆయన చాలాసేపు మాట్లాడాడు. అమ్మ అంతా విన్నది.

"సరేనండి. అయితే రేపటి నుంచి రానండి. ఉంటానండి."

అన్ని అండీలు పెట్టి అంత కోపంగా మాట్లాడడం నేను ఇంతవరకూ ఎక్కడా వినలేదు.

నాన్న కుర్చీలోంచి లేచాడు. "ఇరవై ఏళ్ళ ఉద్యోగం వీణా. పిచ్చెక్కిందా నీకు?"

"ఉత్త డిగ్రీ చెప్పే ఉద్యోగమేగా," అని అమ్మ కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న తన కాలేజీకి అలాంటి ఫోన్ చెయ్యలేదు. చేస్తాడని నేనూ అనుకోలేదు. ఇద్దరూ చేస్తే పొయ్యి వెలగొద్దూ? కానీ ఏ కాలేజీ కావాలో ఆన్‌లైన్‌లో పెట్టుకునే ఇంజనీరింగ్ ఆప్షన్ల గడువు వచ్చింది, వెళ్ళింది. నా హాల్‌టికెట్ నంబర్ ఆయనకు కంఠతా వచ్చు. ఓటీపీ వచ్చేదీ ఆయన ఫోన్‌కే, ఎందుకంటే బళ్ళో వేసిన రోజు నుంచీ నాకు సంబంధించిన ప్రతిదానికీ ఇచ్చింది ఆయన నంబరే. నన్ను అడక్కుండా పెట్టేసుకోవచ్చు. పెట్టలేదు.

వానలు పడ్డాక డిగ్రీ ఆప్షన్లు తెరిచారు. ఆ సాయంత్రం నాన్న ఈపురుపాలెంలో తిరిగి అప్పుడే వచ్చాడు, చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆయన జేబులో ఫోన్ ఓటీపీ మెసేజ్‌తో మోగింది. తీసి చూశాడు. అది దేనికో ఆయనకు తెలుసు.

"నాన్నా, నంబర్ చెప్పు."

కాసేపు ఫోన్ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత అంకెలు ఒక్కొక్కటే చదివాడు. నేను కొట్టాను. బాపట్ల కాలేజీ ఎంచుకున్నాను, బీకాం నొక్కాను. దాని కింద ఇంకో వరస తెరుచుకుంది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని నా భుజం మీదుగా వంగి చూశాడు.

"ఏంటివన్నీ? జనరల్, కంప్యూటర్ అప్లికేషన్స్... బీకాంలో మళ్ళీ రకాలుంటాయా?"

వెటకారం కాదు. ఆయనకు నిజంగానే తెలియదు. నేను వెనక్కి తిరిగి చూశాను. అమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇరవై ఏళ్ళు నేను చెప్పింది అవేనండి," అంది. "మీరెప్పుడూ అడగలేదు."

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "ఇప్పుడడుగుతున్నాగా. చెప్పు, దీనికి ఏది మంచిది?"

"అది చదివేది నేను కాదు," అంది అమ్మ. "దాన్నే అడగండి."

పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వస్తే లోపలికి వెళ్ళిపోయింది. నాన్న నా వైపు తిరిగాడు.